కట్టేసిన మేక

జేబులో చెయ్యి పెట్టి చూసుకున్నాడు ఓడెల్ స్టాంపర్. ఉంది. ఉండక ఎక్కడికి పోతుంది, యాభై ఏళ్ళుగా పోనిది ఇవాళ కాళ్ళొచ్చి పోతుందా, అయినా వేళ్ళు మాట వినడం లేదు, పొద్దుటి నుంచి ఇదే పని, లోపలికి పోవడం, తడుముకోవడం, బయటికి రావడం, మళ్ళీ లోపలికి. అరచేతిలో ఇమిడే గుండ్రటి నల్ల బిళ్ళ, దాని మీద ఇత్తడి నాలుక. ఇన్నాళ్ళూ ఆ నాలుక పలకలేదు, ఇవాళ పలుకుతుందేమోనని భయం. రెండో జేబులో రెండు చిన్న మరలు, ఒక పొట్టి స్క్రూడ్రైవరు. ఎదురుగా రేకుల పాక తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, లోపలి మసకలో మేక పడుకుని ఉంది. మేకంటే గడ్డి తినే మేక కాదు, అరవై ఎనిమిదో సంవత్సరపు పాంటియాక్ జీటీఓ కారు. ఈ కెంటకీ కొండల్లో పసిపిల్లాడి నుంచి పాస్టరు దాకా దాన్ని మేక అనే పిలుస్తారు. తమ్ముడు డాలస్ బొగ్గు గనిలో తొలి జీతాలు కూడబెట్టి తెచ్చుకున్న మేక. ఒకప్పుడు ముదురాకుపచ్చ, ఇప్పుడు ఒంటి మీద రంగు కన్నా తుప్పే ఎక్కువ, సీట్లలో దూది ఎలకలు మోసుకుపోయాయి, కాళ్ళు పెట్టుకునే చోట నేల ఊడిపోయి, కింద నుంచి పిచ్చితీగ ఒకటి పైకొచ్చి స్టీరింగుకి చుట్టుకుంది, డ్రైవర్ని నేనే అన్నట్టు. పాక గుమ్మానికి అడ్డంగా, బోర్లించిన బకెట్టు మీద, ఆర్లీన్ కూర్చుని ఉంది. డాలస్ పెళ్ళాం. యాభై ఏళ్ళుగా డాలస్ లేని డాలస్ పెళ్ళాం. ఒక చేతిలో కాఫీ కప్పు, రెండో చెయ్యి ఏప్రాను జేబులో.

తెల్లవారకముందే రావాలనుకున్నాడు, వచ్చాడు కూడా, వాగు మీది చెక్కవంతెన దాటి, దొంగలా, తన కీళ్ళ చప్పుడు తనకే వినపడుతుంటే. పాక తాళం తీసి ఉంచుతానని నిన్ననే అంది కదా, ఆమె లేచేలోపు బానెట్ ఎత్తి, ఇంజను వెనకవైపుకి వంగి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, ఈ రోటర్ బిళ్ళని దాని పీట మీద కూర్చోబెట్టి, రెండు మరలూ బిగించి, డాలస్ అయితే మూతిలో సిగరెట్టు ఆరేలోపు చేసేవాడు, తనకి ఈ వాచిన వేళ్ళతో ఎంతసేపు పడుతుందో దేవుడికెరుక, బిగించేసి ఇంటికిపోయి, మళ్ళీ అప్పుడే వస్తున్నవాడిలా ఈలేసుకుంటూ రావాలని పథకం. తీరా వస్తే ఈవిడ ముందే బకెట్టెక్కి కూర్చుంది, చలిలో, శాలువా కప్పుకుని.

"ఏం ఓడెల్, నిద్ర పట్టలేదా?" అంది.

"నీకు పట్టిందా?" అన్నాడు.

అక్కడితో ఇద్దరి దగ్గరా మాటల సరుకు అయిపోయింది. అప్పటి నుంచి ఆవిడో బకెట్టు, ఈయనో బకెట్టు, ఎండ మెల్లగా కొండ దిగి వాగు దాటి పాక రేకుల మీదికి ఎక్కుతోంది, కొనేవాడు ఏ నిమిషానైనా రావచ్చు.

కొనేవాడి పేరు రసెల్ ప్రాట్, నది అవతలి ఒహాయో మనిషి, తుప్పుపట్టిన పాతబళ్ళని కొనుక్కుపోయి మళ్ళీ పెళ్ళికొడుకుల్ని చేయడం అతని పని. పోయిన ఆదివారం చిక్కుడు గింజల కూర వడ్డిస్తూ ఆర్లీన్ మామూలుగా చెప్పింది, అతను తుప్పుకి భయపడడట ఓడెల్, రాగానే బానెట్ లేపి డిస్ట్రిబ్యూటర్ మూత కింద చూస్తాడట, ఇన్నేళ్ళుగా ఎందుకు ఆగిపోయిందో ఆ మూత కిందే తెలిసిపోతుందట. ఓడెల్ చెంచా నోటిదాకా వచ్చి ఆగింది. గింజ ఒకటి జారి చొక్కా మీద పడింది, దాన్ని ఆవిడే గుడ్డతో తుడిచింది, ముసలోడా, నీకు మెడకో గుడ్డ కట్టాలింక అని. ఆ మూత కింద ఏం కనపడుతుంది? ఖాళీ పీట. నిప్పురవ్వని సిలిండరు సిలిండరుకీ పంచిపెట్టే బిళ్ళ ఉండాల్సిన చోట ఏమీ లేదు. అది తనంతట తను ఊడి పడే వస్తువు కాదు, ఎలక తినేదీ కాదు. ఎవరో తీసేశారండీ అంటాడు ఒహాయోవాడు, నవ్వుతూ, వాడికేం తెలుసు. ఆర్లీన్ తల తిప్పి చూస్తుంది. ఆ చూపు ఎక్కువ దూరం వెతుక్కోనక్కర్లేదు, ఈ కొండ సందులో ఆ పని చేతనైనవాడు, ఆ సాయంత్రం ఈ పెరట్లోకి వచ్చినవాడు ఇంకెవడున్నాడు గనక.

"ఓడెల్, పొయ్యి మీద గింజలు పెట్టొచ్చాను," అంది ఆర్లీన్, కాఫీ కప్పులోకి చూస్తూ. "అడుగంటుతాయేమో, ఓసారి కలిపి రారాదూ."

"నీ గింజలు, నీ గరిటె. నేను కలిపితే ఉప్పెక్కువైందంటావు."

"కలిపితే ఉప్పెట్లా ఎక్కువవుతుందయ్యా?"

"నా చేతివాటం నీకు తెలీదు."

ఆవిడ లేవలేదు. ఈయన కాసేపాగి, ఇంటి వెనక కోడి ఏదో అరుస్తున్నట్టుంది చూడమన్నాడు. నాకు కోళ్ళెక్కడివి, ఉన్న నాలుగూ నక్క ఎత్తుకుపోయి రెండేళ్ళయింది, నువ్వే కదా ఆ నక్క పాస్టరుగారి టోపీ కూడా పెట్టుకుని పోయిందని ఊరంతా చెప్పావు, అంది. అవును, చెప్పాడు. మరిచిపోయాడు. భయంలో మనిషికి సొంత అబద్ధాలు కూడా గుర్తుండవు. కొండవైపు టకటకమని చప్పుడైంది, ట్రక్కు అనుకుని గుండె ఎగిరి నాలుక మీద కూర్చుంది, ట్రక్కు కాదు, వడ్రంగిపిట్ట. పిట్టకి బెదిరాడు. డాలస్ ఉంటే పడీపడీ నవ్వేవాడు, మా అన్న తన నీడకి కూడా హారన్ కొట్టి దారిస్తాడురా అనేవాడు. నిజమే, పిరికివాడే, గనిలోకి దిగడానికి భయపడే జీవితమంతా పైన బొగ్గు లారీ తోలాడు, ఆ లారీని కూడా మలుపుల దగ్గర అంత నెమ్మదిగా తోలేవాడు, వెనకాల వచ్చేవాళ్ళు దిగి బ్లాక్‌బెర్రీలు కోసుకుని మళ్ళీ ఎక్కేవారు. డాలస్ అలా కాదు. డాలస్ ఒకసారి మేకని పైన్ కొండ మీదికి ఎంత జోరుగా తోలాడంటే దాని నీడ అందుకోలేక ఆగిపోయి మర్నాడు పొద్దున వచ్చి చేరింది, అదీ రొప్పుతూ. ఇది ఓడెల్ చెప్పే కథే. పెట్రోలు బంకులో, మంగలి షాపులో, చర్చి మెట్ల మీద, యాభై ఏళ్ళుగా మేక కథలు చెబుతూనే ఉన్నాడు, హారన్ కొడితే వాగులో చేపలు ఎగిరి బుట్టలో పడేవని, అడ్డొచ్చిన గాలివాన పక్కకి జరిగి దారిచ్చిందని. అందరూ నవ్వుతారు. నవ్వేవాళ్ళు ప్రశ్నలడగరు. ఒక్క నిజం దాచడానికి ఎన్ని అబద్ధాలు కావాలో ఎవరూ లెక్కపెట్టి చూడలేదు.

నేర్పింది అమ్మే. జీతాల శుక్రవారం వచ్చిందంటే ఈ సందులో ఆడవాళ్ళందరికీ ఒక పని ఉండేది, నోటితో చెప్పుకోని పని. ఈ కౌంటీలో మందు అమ్మరు, తాగాలంటే కొండదారిలో కౌంటీ గీత దాటి పోవాలి, పోయినవాళ్ళు ఆ మలుపుల్లో తిరిగి రావాలి, అందరూ వచ్చేవారు కాదు. అందుకని మగవాళ్ళు గనిలోంచి వచ్చేలోపు బండిలోంచి ఏదో ఒక ముక్క మాయమయ్యేది, తెల్లవారేసరికి మళ్ళీ దాని చోట ఉండేది. కట్టెయ్యడం అనేవారు దాన్ని. నాన్న ట్రక్కుని అమ్మ ఇరవై ఏళ్ళు కట్టేసింది. నాన్నకి తెలుసు, అడిగేవాడు కాదు, కాసేపు తిట్టి, బూట్లు విప్పి పడుకునేవాడు. అడిగితే మర్యాద పోతుంది, చెప్పినా పోతుంది, అది పద్ధతి. నాన్న పోయాక డాలస్ మేకని కట్టేసింది కూడా అమ్మే. ఆ ఏడు ఆకులు రాలే రోజుల్లో మంచాన పడి, ఇంక లేవనని తెలిశాక, ఒక మధ్యాహ్నం ఓడెల్‌ని దగ్గరికి పిలిచి, చెవి దగ్గర నోరు పెట్టి చెప్పింది, జీతాల శుక్రవారం వాడి మేకని కట్టెయ్యి నాయనా, ఎవరికీ చెప్పకు, ఆర్లీన్‌కి అసలే చెప్పకు, చిన్నపిల్ల, బెదిరిపోతుంది. అమ్మ చేతికి కర్పూరం వాసన. కిటికీ అవతల డాలస్ మేకని కడుగుతున్నాడు, ఏదో పాడుకుంటూ, నీళ్ళు ఎండలో ఎగురుతున్నాయి. అమ్మని పూడ్చాక వచ్చిన మొదటి జీతాల శుక్రవారం, దీపాలు పెట్టే వేళ, ఓడెల్ ఈ పెరట్లోకి వచ్చాడు. ఆర్లీన్ వంటింట్లో ఉంది, గిన్నెల చప్పుడు వినపడుతోంది. రెండు మరలు. బిళ్ళ జేబులోకి. మూత మళ్ళీ పెట్టేశాడు. ఛాతీ ఉబ్బింది, పిరికివాడు మొదటిసారి ఒక మనిషిని కాపాడుతున్నాడు.

ఆ రాత్రి మంచం మీద పడుకుని, వాగు అవతల నుంచి విన్నాడు. మేక గుర్రు గుర్రుమంటోంది, అంటుకోవడం లేదు, మళ్ళీ గుర్రు గుర్రు, మళ్ళీ. డాలస్ టైరుని తన్నిన చప్పుడు, చచ్చుమేకా అని తిట్టు. ఓడెల్ నవ్వాడు. అదే, అదే ఇప్పటికీ మరిచిపోలేనిది, దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు, తిట్టరా తమ్ముడూ, తిట్టి బూట్లు విప్పి పడుకో అనుకున్నాడు. అప్పుడు రోడ్డు మీద ఎవడో స్నేహితుడి పికప్పు హారన్ కొట్టింది, డాలస్ కేక వేశాడు, ఆగండ్రా నేనూ వస్తున్నా. తలుపు మూసుకున్న చప్పుడు. అప్పుడు లేచి పరుగెత్తాల్సింది. లేవలేదు. లేస్తే ఎందుకు లేచావంటారు, జేబులో ఏముందంటారు. చలిగా ఉంది. పడుకున్నాడు. తెల్లవారుజామున పద్ధతి ప్రకారం బిళ్ళని తిరిగి పెట్టడానికి చెక్కవంతెన దాటి వస్తే పెరట్లో పోలీసు కారు ఉంది, పికప్పు మలుపులో లోయలోకి పోయిందట, ఎవరూ మిగల్లేదట, ఆర్లీన్ మెట్టు మీద కూర్చుని ఉంది, తన వైపు కాదు, మేక వైపు చూస్తూ అంది, మేక కదల్లేదు ఓడెల్, మేక కదిలుంటే అతను ఆ పికప్పు ఎక్కేవాడు కాదు. ఆపైన లేచి, గోడకి ఆనించిన పార తీసుకుని, మేక ముందుభాగం మీద ఒక్క దెబ్బ వేసింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది, ఇక్కడి నుంచి కనిపిస్తోంది. పాకకి తాళం పడింది, తాళంచెవి ఆవిడ మెళ్ళోకి చేరింది. ఎన్నోసార్లు ఆ తాళంచెవి వైపు చూశాడు, ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు కూడా. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడకి కట్టెలు కొట్టిపెట్టాడు, కప్పు బాగుచేశాడు, ఆదివారాలు ఆవిడ బల్ల దగ్గర గింజల కూర, మొక్కజొన్న రొట్టె, మజ్జిగ. ఆ బల్లకి రెండే కుర్చీలు. భూమి మీద తనకంటూ ఉన్న చోటు ఆ రెండో కుర్చీ. ఇవాళ మూత లేస్తే ఆ కుర్చీ పోతుంది. వయసు మీద పడ్డవాణ్ణి చావు భయపెడుతుందంటారు గానీ, ఓడెల్‌ని భయపెడుతున్నది ఒక కుర్చీ. పోయిన వసంతంలో వరదొచ్చి పాకని మేక మీదికి ఒరగేసి పోకపోతే ఈ అమ్మకమే ఉండేది కాదు. పాడు వరద.

ఈసారి వడ్రంగిపిట్ట కాదు. పెద్ద ట్రక్కు, వెనక ఖాళీ ట్రైలరు గొలుసుల మోత. ఓడెల్ లేచాడు. ఆర్లీన్ కూడా లేచింది, కాఫీ ఒలికింది, తుడుచుకోలేదు.

రసెల్ ప్రాట్ లావుపాటి మనిషి, దిగుతూనే మాటలు మొదలుపెట్టాడు. "దండాలమ్మా, దండాలు పెద్దాయనా, ఏం దారండీ బాబూ, ఈ మలుపుల్లో నా ట్రైలరు నా కళ్ళకే ఎదురొచ్చింది. ఏదీ మన పెళ్ళికూతురు?" అని పాకలోకి దూరి, మేక చుట్టూ తిరిగి, సొట్టని ఆప్యాయంగా నిమిరి, "ఇదెవరు కొట్టారు?" అన్నాడు. "నేను," అంది ఆర్లీన్. అతను నవ్వాడు, జోకనుకుని. బానెట్ రాలేదు. తుప్పు పట్టేసింది. రాకు, రాకు అనుకున్నాడు ఓడెల్, జేబులో పిడికిలి బిగించి. పొద్దున నాకూ రాలేదు అన్నట్టు వినిపించింది ఆర్లీన్ గొంతులోంచి, సరిగా వినపడలేదు, చెవుల్లో తన గుండే మోగుతోంది. ఇనుప కడ్డీ పెట్టి ఎత్తాడు రసెల్. కిర్రుమని, తిట్టినట్టు, లేచింది. లోపల అక్రోటు పెంకుల గుట్ట, ఉడతల కాపురం. టార్చి వెలిగించాడు.

"అరే," అన్నాడు. "కాయిల్ తీగ లేదే."

ఓడెల్‌కి అర్థం కాలేదు. తీగా? తీగెవరు ముట్టుకున్నారు? తను ముట్టుకోలేదు.

"మధ్యలో లావుపాటిది ఉంటుంది చూడండి, నిప్పురవ్వ పుట్టించే కాయిల్ నుంచి మూతకి వచ్చేది. అది లేదు. ఎలకలు కొరికితే ముక్కైనా మిగులుతుంది. దీన్ని ఎవరో చేత్తో పీకేశారు." స్క్రూడ్రైవరు తీసి మూత రెండు పక్కలా తిప్పి ఎత్తాడు, ఓడెల్ కళ్ళు మూసుకున్నాడు, చీకట్లో రసెల్ నవ్వు వినపడింది, పాక రేకులు అదిరేలా. "ఓరి దేవుడో! రోటర్ కూడా లేదు! ఒక్క మేకకి రెండు పలుపుతాళ్ళా? ఎక్కడికి పారిపోతుందనుకున్నారండీ ఇది? ఒక్కటి చాలేది కదమ్మా. రెండిట్లో ఏది లేకపోయినా ఇది కదలదు. రెండోవాళ్ళెవరో పాపం ఊరికే శ్రమపడ్డారు."

ఓడెల్ కళ్ళు తెరిచాడు. ఆర్లీన్ అతని వైపు చూడటం లేదు. ఏప్రాను జేబులోంచి ఆవిడ చెయ్యి బయటికొస్తోంది, నెమ్మదిగా, అందులో జానెడు నల్లతీగ, చిటికెనవేలంత లావు, పైతోలు ఎండి పగుళ్ళిచ్చి. ఆ చేతిని చూస్తుంటే యాభై ఏళ్ళు వెనక్కి తిరిగి నడిచాయి, తెల్లవారకముందే బకెట్టెక్కి కూర్చోవడం, గింజలు కలిపి రమ్మనడం, ప్రార్థనలో ఒకసారి తను కళ్ళు తెరిచినప్పుడు ఆవిడ కళ్ళు కూడా తెరిచే ఉండటం, ఆ పార దెబ్బ. ఆ దెబ్బ ఎవరి మీద వేసుకుందో.

"మీ అమ్మ చెప్పింది," అంది ఆర్లీన్, తీగతోనే మాట్లాడుతున్నట్టు. "మధ్యలో లావుపాటిది పీకమంది. నీకు చెప్పొద్దంది. ఓడెల్ నోట్లో నువ్వుగింజ నానదంది."

ఓడెల్ జేబులోంచి పిడికిలి తీశాడు. తెరవడానికి వేళ్ళు మొరాయించాయి. తెరిచాడు.

"నీకు చెప్పొద్దంది," అన్నాడు. "బెదిరిపోతావంది."

రసెల్ ప్రాట్ ఒకరి చేతిలోకి, ఇంకొకరి చేతిలోకి చూశాడు. వాగుడుకాయే గానీ తెలివితక్కువవాడు కాదు, టోపీ తీసి పట్టుకున్నాడు. గొంతు తగ్గించి, "బ్యాటరీ వెంట తెచ్చాను. ఇంజను బిగుసుకోకపోతే, ఇవి రెండూ పెట్టి, ఒక్కసారి తిప్పి చూడనా?" అన్నాడు.

"వద్దు," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

అది ఇప్పుడు అంటుకుంటే ఆ చప్పుడు వాగు దాటి ఇన్నేళ్ళు వెనక్కి పోయి ఆ రాత్రిలో వినపడుతుందేమోనని ఓడెల్ భయం. ఆర్లీన్ భయం ఏమిటో అడగలేదు. అడగకుండానే తెలిసిన మొదటి విషయం అదే. తీగా బిళ్ళా రెండూ రసెల్ టోపీలో వేశారు, చర్చి చందా పళ్ళెంలో వేసినట్టు. గొలుసు బిగిసింది, మేక వెనక్కి కదిలింది, స్టీరింగుకి చుట్టుకున్న పిచ్చితీగ వేళ్ళతో సహా ఊడి నేల మీద కాస్త దూరం వెంట వచ్చి ఆగిపోయింది. ట్రైలరు మలుపు తిరిగేదాకా ఇద్దరూ నిలబడ్డారు. మలుపు తిరిగాక కూడా నిలబడ్డారు. రెండిట్లో ఒక్కటి చాలేది. అయితే తను బిళ్ళ తియ్యకపోయినా డాలస్ ఆ పికప్పే ఎక్కేవాడు. ఆవిడ తీగ పీకకపోయినా అంతే. ఆ లెక్క ఎటు నుంచి కూడినా బరువు తగ్గుతోందో, రెట్టింపవుతోందో ఓడెల్‌కి తెలియలేదు.

అప్పుడు వాసన వచ్చింది.

"గింజలు," అంది ఆర్లీన్. "కలిపి రమ్మన్నానా లేదా?"

"నువ్వెందుకు పోలేదు?"

ఆవిడ ఇంటివైపు నడిచింది. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండా, "అడుగువి మాడుంటాయి. పైవి తినచ్చు," అంది. ఓడెల్ వెనకాల నడుస్తూ, అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు, ఖాళీ, రెండో జేబులో పెట్టాడు, చల్లగా ఏవో తగిలాయి. ఇవ్వడం మరిచిపోయాడు. మళ్ళీ అదే బుద్ధి, దాచెయ్యి, చెప్పకు, జేబు గుండీ పెట్టుకో. గుమ్మంలో నిలబడిపోయాడు. వంటిల్లంతా పొగ, పొగలో రెండు కుర్చీలు.

"ఆర్లీన్," అన్నాడు. "మరలు నా దగ్గరే ఉండిపోయాయి."

ఆవిడ గిన్నె దింపి, ఏప్రానుతో చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చింది. అతని అరచేతిలోకి చూసింది.

"రెండున్నాయిగా," అంది. "ఒకటి నాకియ్యి."